సున్నా చూస్కోండి

సున్నా చూస్కోండి సార్, అంటాను
రోజుకి ఏ మూడొందల సార్లో.
ఎవరూ చూడరు.
ఫోన్లోకి చూస్తారు, తాళాల గుత్తిలోకి చూస్తారు,
ఏసుబాబు మాస్టారైతే
బైపాసు అవతల తన బడివైపు చూస్తూ
వందకి, అంటారు.

ఆ బడి లాకుల పక్కన ఉండేది.
గంట కొడితే మా వంటింట్లో వినపడేది,
జడ అల్లుకుంటూ పరిగెత్తినా అందేది.
ఇప్పుడు నాలుగెకరాల మెరకలో ఉంది,
పసుపు బస్సులు పదకొండు.
గంట లేదు. ఉన్నా ఎవరికి వినపడాలి?

తరవాత కూరల బజారు వెళ్ళింది.
ఇరుకన్నారు. లారీ తిరగట్లేదన్నారు.
దాని వెనకే ఆస్పత్రి, ఎమ్మార్వో ఆఫీసు,
ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి,
తీర్థంలో చెయ్యి వదిలేసిన పిల్లల్లా
ఎటు పోయినవి అటే ఉండిపోయాయి.
మధ్యలో చేలు. చేలల్లో తెల్ల రాళ్ళు.
రాళ్ళకి ముందు ఒక గేటు.
లోపల ఇల్లన్నది లేదు గానీ
గేటుకి మాత్రం పేరుంది.

మా అమ్మకి బండి రాదు.
భూపతిరాజు డాక్టరు గారి మేడ కింద మీరాసాహెబు కుట్టుమిషను,
మిషను పక్కన పిండిమర,
మరకి ఎదురుగా పోస్టాఫీసు.
పిండి పట్టేలోపు జాకెట్టుకి కొలతిచ్చి,
తమ్ముడి దగ్గు చూపించి,
కవరు అంటించి,
ఇద్దరితో దెబ్బలాడి ఒకరితో రాజీపడి
ఇంటికొచ్చేది. పిండింకా వేడిగానే ఉండేది.
ఆ తిరుగుడంతటికీ ఎంత నూనె అయ్యేదంటే
రాత్రి మోకాళ్ళకి రాసుకున్నంత.

ఇప్పుడు అవే పనులు
విడివిడిగా నా దగ్గరికొస్తాయి.
పిండికో బండి, దగ్గుకో కారు,
కొత్తిమీర కట్టకి
పల్సర్ మీద ఇద్దరు కుర్రాళ్ళు.
వాళ్ళ తప్పేముంది, నడవడానికి రోడ్డుకి అంచే లేదు,
పుంత గట్టు తవ్వి తోలుకుపోయారు
ఎవరి చేను మెరక చెయ్యడానికో.
లెక్క రాసేటప్పుడు అనిపిస్తుంది,
నేనమ్మేది పెట్రోలు కాదు.
ఎవరో ఎప్పుడో అమ్మేసిన దూరానికి
వాయిదాలు వసూలు చేస్తున్నాను.

నాకూ వచ్చింది స్థలం.
సెంటున్నర, ఊరికి ఆరు కిలోమీటర్లు,
వానొస్తే కప్పలకీ నాకూ ఉమ్మడి.
పట్టా చూసి అమ్మ ఏడ్చింది, సంతోషంతోనే.
అక్కణ్ణించి ఇక్కడికి, ఇక్కణ్ణించి పిల్ల ట్యూషనుకి,
నా జీతం కొంత ఇదే గన్నులోంచి
నా స్కూటీలోకే పోతుంది.
"బంకు డబ్బులు బంకులోనే ఉన్నాయి కదమ్మా, ఆయ్"
అని నవ్వుతారు మేనేజరు గౌరీశంకరం గారు.

మొన్న వాయుగుండానికి కల్వర్టు కొట్టుకుపోయింది.
మూడు రోజులు ట్యాంకరు లేదు.
నో స్టాక్ అట్ట తగిలించి
లాకుల మీదుగా పాత బజారుకి నడిచాను.
అరుగుల మీద వంకాయలు,
మీరాసాహెబు మనవడు సగం తీసిన షట్టరు కింద
టార్చిలైటు పెట్టుకుని జిప్పులు బాగుచేస్తున్నాడు,
ఎవరో పిల్లలకి మెట్ల మీద ఎక్కాలు చెప్తున్నారు,
దగ్గరికెళ్తే మాస్టారు.
బురద. మూత్రం కంపు. కరెంటు లేదు.
స్వర్గమని చెప్పను.
కానీ చీకటి పడేలోపు
నావి నాలుగు పనులైపోయాయి.
చెప్పులు తెగాయి, అవి కూడా అక్కడే కుట్టించుకున్నాను.

నాలుగో రోజు ట్యాంకరొచ్చింది.
క్యూ ఫ్లైఓవరు దాకా.
సున్నా చూస్కోండి మాస్టారూ, అన్నాను.
ఈసారి చూశారు.
"ఎంతసేపుంటుందమ్మా అది?"
మీరు అంకె చెప్పేదాకానండి.
వెనక హారన్లు.
అటు బడివైపు చూశారు, ఇటు మీటరువైపు చూశారు,
జేబు తడుముకున్నారు.
"నూటపదికి," అన్నారు.